మూసివేత ఖర్చు ఎవరి తలమీద?

ధర్మపురి జిల్లాలో పాలకోడు పేరు చెబితే కూరగాయల వ్యాపారులకు ముందు గుర్తొచ్చేది టమోటా. పాలకోడు, మారండహళ్లి, కారిమంగళం చుట్టుపక్కల పల్లెలూ, పక్క కృష్ణగిరి జిల్లాలో రాయకోట వైపు పల్లెలూ ఈ పంటను నమ్ముకునే బతుకుతున్నాయి. కోత మొదలైందంటే రెండు మూడు రోజులకోసారి కోయాల్సిందే. కోసిన కాయ బాక్సుల్లో మండీకి చేరాలి, వేలం అయిన వెంటనే లారీ ఎక్కాలి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా 21 రోజుల పాటు మూత అన్నప్పుడు ఈ పొలాల్లో వేసవి పంట కాపు మీద ఉంది. వ్యవసాయ పనులకూ మండీలకూ మినహాయింపు ఇస్తూ కేంద్ర హోంశాఖ ఉత్తర్వు వచ్చింది మార్చి 27న. ఈలోగా కోసే కూలీలు ఇంట్లో ఉన్నారు, లోడెత్తే హమాలీలు రాలేదు, దారిలో డ్రైవరుకు అన్నం పెట్టే హోటల్ తెరవలేదు, పట్టణాల్లో కొనాల్సిన మెస్సులూ పెళ్లిళ్లూ ఆగిపోయాయి. ఉత్తర్వులో మినహాయింపు ఉన్నంత మాత్రాన కాయకు కొనేవాడు దొరకడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో ధర్మపురి జిల్లాలో కరోనా లేదు. ఏప్రిల్ మూడో వారం దాకా ఈ జిల్లాలో ఒక్క కేసూ నమోదు కాలేదు. ఏప్రిల్ 30న కేంద్రం జబ్బు తీవ్రతను బట్టి జిల్లాలకు రంగులు పంచినప్పుడు తమిళనాడులో పచ్చరంగు దక్కింది ఒకే ఒక్క జిల్లాకు, మన పక్క కృష్ణగిరికి. జబ్బు లేని చోటా, జబ్బు ముదిరిన చోటా ఒకే రోజు, ఒకే తీరున తాళం పడింది. వ్యక్తి స్వేచ్ఛ ఎంత వదులుకోవాలి, వ్యాపారం ఎప్పుడు తెరవాలి, ప్రాణాలు ఎలా కాపాడుకోవాలి అనే పెద్ద ప్రశ్నను పాలకోడు లాంటి చోటు నుంచి చూస్తే కనిపించేది, మహానగరంలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకు కనిపించినది కాదు.

ఈ ప్రశ్న మీద ఐదారేళ్లలో బోలెడంత రాశారు. ఒక పక్షం, ప్రాణం ఉంటే కదా వ్యాపారమైనా స్వేచ్ఛైనా అంది. ఇంకో పక్షం, తిండి లేక పోయే ప్రాణం ప్రాణం కాదా అని అడిగింది. మూడో పక్షం, రోగం పేరుతో ప్రభుత్వం చేతికి ఇచ్చిన లాఠీ మళ్లీ దింపించేదెవరని భయపడింది. మూడింటిలోనూ నిజం ఉంది. నాకు మాత్రం ఈ వాదం సగంలో ఆగిపోయినట్టు అనిపిస్తుంది. మూయాలా తెరవాలా అనే దగ్గరే అందరూ కొట్లాడుకున్నారు గానీ, మూసినప్పుడు ఆ ఖర్చు ఎవరు మోస్తారు, అది ముందే చెప్పారా, చేతికి ఇచ్చారా అన్న సంగతిని దానధర్మాల పద్దులో వేశారు. ఆంక్షకు న్యాయబద్ధత వచ్చేదీ, ఆంక్ష పనిచేసేదీ కూడా ఆ లెక్క తేలినప్పుడే.

ముందు డబ్బు సంగతి. 2020 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశ ఆర్థిక వ్యవస్థ అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే 23.9 శాతం కుంగిందని మొదటి లెక్క వచ్చింది. నిర్మాణ రంగం సగానికి పడిపోయింది. వర్తకం, హోటళ్లు, రవాణా 47 శాతం తగ్గాయి. వ్యవసాయం ఒక్కటే 3.4 శాతం పెరిగింది. ఆ అంకెను చూసి పల్లె బాగానే ఉందని చాలామంది రాశారు. ఆ పెరుగుదల మాటున ఉన్న టమోటా రైతు పరిస్థితి వేరు. గోదాములో పెట్టుకోగల ధాన్యానికీ, ప్రభుత్వం మద్దతు ధర ఇచ్చి కొనే పంటకూ ఉన్న ధీమా, మూడో రోజుకు మెత్తబడే కాయకు లేదు. పైగా ధర్మపురి వర్షాధార జిల్లా. పాలకోడు తాలూకాలో చాలా ఇళ్ల ఆదాయమంతా పొలంలోనే పుట్టదు. బెంగళూరులో తాపీ పని, బేకరీ పని, తిరుపూరులో బనియన్ల పని చేసేవాళ్లు పంపే డబ్బు మీద ఈ ఇళ్లు నడుస్తాయి. సగానికి పడిపోయిన నిర్మాణ రంగం అంటే బెంగళూరు నుంచి ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన కొడుకు. అప్పటికే పొలంలో అమ్ముడుపోని పంట.

ఆంక్షలే ఆర్థిక వ్యవస్థను దెబ్బతీశాయా, జబ్బు భయమే దెబ్బతీసిందా అన్నది ఆర్థికవేత్తలు బాగా పరిశీలించిన విషయం. అమెరికాలో ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ మొబైల్ ఫోన్ల కదలికలు చూసి 2020లో ఒక లెక్క తేల్చారు. దుకాణాలకు వెళ్లేవాళ్లు 60 శాతం పాయింట్లు తగ్గితే, అందులో ప్రభుత్వ ఉత్తర్వుల వాటా 7 పాయింట్లే, మిగతాదంతా జనం తమంతట తాము ఇళ్లలో ఉండిపోవడం వల్లే. 1918 నాటి ఫ్లూ సమయంలో అమెరికా నగరాలను పోల్చిన మరో అధ్యయనం, ముందుగా గట్టిగా కట్టడి చేసిన నగరాలు తర్వాత ఆర్థికంగా వెనకబడలేదని చెప్పింది. ఈ రెండూ విలువైన పనులే. అయితే వీటిని తెచ్చి ధర్మపురికి అతికిస్తే కుదరదు. భయపడి ఇంట్లో ఉండిపోవాలంటే ఇంట్లో రెండు నెలల బియ్యం ఉండాలి, బ్యాంకులో ఎంతో కొంత ఉండాలి, నిరుద్యోగ భృతి వచ్చే దేశమై ఉండాలి. రోజుకూలీకి భయం లేక కాదు. భయపడి ఇంట్లో కూర్చునే వెసులుబాటు అతనికి లేదు. అందుకే మన దగ్గర ఆంక్ష భారం అమెరికాలో కంటే చాలా ఎక్కువ మేరకు ఉత్తర్వు మీద, ఉత్తర్వుతో పాటు వచ్చిన సాయం మీద, రాని సాయం మీద ఆధారపడింది.

ఆ భారం ఎలా పడిందో తెలుగు నేల బాగా చూసింది. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయమంటే బయల్దేరిన పిల్లలు, ఉద్యోగులు మార్చి నెలాఖరులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి నిలబడ్డారు. తెలంగాణ పోలీసులు వెళ్లమన్నారు, ఆంధ్ర పోలీసులు రావద్దన్నారు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల్లోనే నెలకు పైగా చిక్కుకుపోయి ఏప్రిల్ చివరిలో బస్సుల్లో బయల్దేరారు. ములుగు జిల్లా మిరప తోటల్లో కాయ ఏరడానికొచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పాప ఛత్తీస్‌గఢ్‌లోని సొంతూరికి అడవిదారిన నడుస్తూ, ఇల్లు ఇంకొంత దూరంలో ఉండగా ఏప్రిల్ 18న చనిపోయింది. వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక రైలు మే 1న హైదరాబాద్ పక్క లింగంపల్లి నుంచే కదిలింది, జార్ఖండ్‌లోని హటియాకు. మూత పడిన 37 రోజుల తర్వాత. ఆ రైలు మార్చి 24కు ముందే నడిచి ఉంటే వచ్చే నష్టం ఏమిటి? అప్పటికి నగరాల్లో జబ్బు చాలా తక్కువ. మే నాటికి పెరిగింది. ఆలస్యంగా పంపడం వల్ల కూలీల బతుకూ పోయింది, జబ్బు కూడా వాళ్లతో పాటు పల్లెలకు చేరింది. ఆరోగ్యం కోసం వాళ్ల స్వేచ్ఛను ఆపామన్న వాదన ఇక్కడ ఆరోగ్యం లెక్కలోనే నిలబడదు.

ఇక రెండో వైపు. మండీ ఆపకూడదు, వ్యాపారం నడవాలి అనేవాళ్ల వాదనకు పాలకోడు నుంచే గట్టి పరీక్ష ఉంది. దాని పేరు కోయంబేడు. చెన్నైకి వెళ్లే కూరగాయల పెద్ద గమ్యం అదే. మూత ఉన్న నెలరోజులూ కోయంబేడు తెరిచే ఉంది, నగరానికి కూరగాయలు ఆగకూడదని. ఏప్రిల్ 24న తమిళనాడు ప్రభుత్వం చెన్నై, కోయంబత్తూరు, మదురైలలో 26 నుంచి నాలుగు రోజులు మరింత కఠినమైన మూత అని ప్రకటించింది. 25న జనం కోయంబేడు మీద పడ్డారు, ఊపిరాడనంత గుంపు. ఆ తర్వాత పదిరోజుల్లో వ్యాపారులు, లోడెత్తేవాళ్లు, డ్రైవర్లకు వరసగా పాజిటివ్ వచ్చింది. మార్కెట్ మే 5న మూతపడింది. అక్కడి కూలీలు కడలూరు, విల్లుపురం, అరియలూరుకు తిరిగి వెళ్లడంతో ఆ జిల్లాల్లో కేసులు ఒక్కసారిగా పెరిగాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లోనూ కోయంబేడు నుంచి వచ్చినవాళ్ల కేసులని ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖ రోజువారీ బులెటిన్లలో విడిగా లెక్క చూపించింది. మార్కెట్‌ను తిరుమళిశైకి మార్చారు. కోయంబేడు గేట్లు మళ్లీ తెరుచుకుంది సెప్టెంబర్‌లో.

అంటే ఆరోగ్యాన్ని పట్టించుకోకుండా వ్యాపారాన్ని నడిపిన నెలరోజులకు, టమోటా రైతు చెల్లించిన మూల్యం నాలుగు నెలలకు పైగా పెద్ద మార్కెట్ లేకపోవడం. తూములో చెత్త తీయకుండా నీళ్లు వదిలినట్టయింది ఆ వ్యవహారం. మార్చి నెలాఖరులోనే కోయంబేడును రెండు మూడు చోట్లకు విడగొట్టి, లారీలకు వేళలు కేటాయించి, హమాలీలకు పరీక్షలు, జ్వరమొచ్చినవాడికి కూలీ నష్టపోకుండా సెలవు ఇచ్చి ఉంటే? ఈ పనులేవీ అసాధ్యం కాదు, మే తర్వాత తిరుమళిశైలో వీటిలో కొన్ని చేశారు కూడా. రెండో విషయం, ఏప్రిల్ 25 గుంపు. ముందు చెప్పకుండా, లేదా ఒక్క రోజు వ్యవధితో చెప్పి మూస్తే జనం గుంపు కడతారు. ఏ గుంపును నివారించడానికి ఉత్తర్వు వచ్చిందో ఆ గుంపును ఉత్తర్వే పుట్టించింది.

ఏడాది తర్వాత తమిళనాడు ఆ పాఠంలో సగం నేర్చుకుంది. 2021 మేలో రెండో అల ముంచెత్తినప్పుడు, మే 21న రాష్ట్రంలో ఒక్కరోజే 36 వేలకు పైగా కేసులు వచ్చాయి. మే 24 నుంచి కూరగాయల దుకాణాలు కూడా మూసే మూత ప్రకటించారు. ఈసారి ముందు రెండు రోజులు రాత్రి 9 దాకా దుకాణాలు తెరిచి ఉంచారు, ఊళ్లకు వెళ్లేవాళ్లకు బస్సులు నడిపారు. మూత సాగినన్నాళ్లూ ఉద్యానశాఖ వాహనాల్లో కూరగాయలు, పండ్లు వీధివీధికీ తిప్పారు. ఆ నెల 7న అధికారం చేపట్టిన ప్రభుత్వం మొదటి సంతకాల్లోనే రేషన్ కార్డుకు 4 వేల రూపాయల సాయం ప్రకటించి, రెండు విడతలుగా 2 కోట్లకు పైగా కుటుంబాలకు ఇచ్చింది, జూన్‌లో 14 రకాల సరుకుల సంచీ తోడైంది. 2020లో ఇచ్చింది వెయ్యి రూపాయలు, ఉచిత బియ్యం, పప్పు, నూనె, చక్కెర. ఆంధ్రప్రదేశ్ వాలంటీర్ల చేత వెయ్యి ఇంటికే పంపింది. తెలంగాణ 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. 4 వేలు ఎక్కువేం కాదు. కానీ 2021 మేలో ఊరొదిలి నడిచిపోయే జనం దారుల మీద అంతగా కనిపించకపోవడంలో ఆ సంచీకీ, ఆ బస్సులకీ వాటా ఉంది. దేశమంతటా ఒకేలా కాక రాష్ట్రానికి తగినట్టు మూయడం, కట్టడి సడలించేటప్పుడు కేసులు ఎక్కువున్న 11 జిల్లాలను వేరుగా చూడడం కూడా మెరుగైన పద్ధతే. ధర్మపురి ఆ 11లో లేదు కాబట్టి ఇక్కడ ముందే సడలింపు వచ్చింది. 2020లో ఆ తేడా చూపించి ఉంటే కృష్ణగిరి, ధర్మపురి పొలాల్లో ఎంత పంట మిగిలేదో!

నూరు రోజుల పనిని కూడా ఇక్కడే చెప్పాలి. 2020-21లో ఉపాధి హామీ కింద దేశంలో 11 కోట్ల మందికి పైగా పని చేశారు, పథకం పుట్టాక అదే గరిష్ఠం. మొదటి కేటాయింపు 61,500 కోట్లు సరిపోక మరో 40 వేల కోట్లు కలిపారు. తమిళనాడులో కూలీ 229 నుంచి 256 రూపాయలైంది. ఎప్పుడో 2005లో చేసిన చట్టం కాబట్టి దాన్ని కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకపోయింది. అప్పటికే ఉన్న హక్కు కష్టకాలంలో అక్కరకొచ్చింది. సాయం ముందే రాసి ఉండాలనే వాదనకు దీనికంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

స్వీడన్ సంగతి ఎత్తకుండా ఈ చర్చ ఎక్కడా ముగియదు. మూత వేయకుండా సలహాలతోనే నెట్టుకొచ్చిన దేశమని స్వేచ్ఛావాదులు దాన్ని ఎత్తి చూపిస్తారు. 2020లో అక్కడి మరణాలు పక్కనున్న నార్వే, ఫిన్లాండ్, డెన్మార్క్ కంటే చాలా ఎక్కువ, ముఖ్యంగా వృద్ధాశ్రమాల్లో. మూడేళ్లు కలిపి చూస్తే మాత్రం అదనపు మరణాల్లో యూరప్‌లో తక్కువ ఉన్న దేశాల్లో అది ఒకటి. అక్కడి ప్రభుత్వం వేసిన కమిషన్ 2022లో, స్వచ్ఛంద పద్ధతి మౌలికంగా సరైనదేననీ, మొదట్లో తీసుకున్న చర్యలు తక్కువ, ఆలస్యం అనీ రెండు మాటలూ చెప్పింది. స్వీడన్ గురించి మనవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. జబ్బుతో ఇంట్లో ఉన్న మొదటి రోజుకు జీతం కోసే పాత నియమాన్ని ఆ దేశం 2020 మార్చిలోనే పక్కన పెట్టింది. ముక్కు కారితే పనికి రావద్దు, డబ్బు మేమిస్తాం అంది. అలాంటి చోట సలహా సరిపోతుంది. జ్వరమొచ్చిన హమాలీ ఆ రోజు లోడు ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగని చోట సలహా ఇచ్చినా ఉత్తర్వు ఇచ్చినా మనిషి పనికి వస్తాడు, జ్వరం దాచుకుని వస్తాడు.

అలాగని ఆంక్షలే అక్కర్లేదనే వాదానికి నేను లొంగను. 2020 అక్టోబర్‌లో కొందరు శాస్త్రవేత్తలు చేసిన గ్రేట్ బారింగ్టన్ ప్రకటన, ముసలివాళ్లను కాపాడుకుంటే చాలు, మిగతావాళ్లు మామూలుగా తిరగొచ్చు అంది. మూడు తరాలు రెండు గదుల్లో ఉండే ఇళ్లలో తాతను ఎక్కడ విడిగా ఉంచాలో ఆ ప్రకటన చెప్పలేదు. రెండో అలలో మనం చూసింది, కట్టడి లేకపోతే స్వేచ్ఛ కూడా మిగలదని. 2021 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ ఎన్నికలు, తిరుపతి ఉప ఎన్నిక జనసందోహాల మధ్య జరిగాయి. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయినట్టు ప్రభుత్వం ప్రకటించింది. చెన్నై వైపు నుంచి రావాల్సిన ట్యాంకర్ రావడం ఆలస్యమైంది. మంచం దొరకని ఆసుపత్రి బయట నిలబడ్డ మనిషికి రాజ్యాంగం ఇచ్చిన ఏ స్వేచ్ఛ అక్కరకొస్తుంది? భారతదేశంలో 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వల్ల అదనంగా 47 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, దాన్ని కేంద్రం ఒప్పుకోలేదు. అధికారిక లెక్క 5 లక్షల లోపే. ఏ అంకె తీసుకున్నా, రోగాన్ని దాని దారిన వదిలేసి ఆర్థిక వ్యవస్థను కాపాడవచ్చనే ఆశకు ఆధారం కనిపించదు.

ఆరోగ్యం కోసం చేసిన మూత ఆరోగ్యానికే చేసిన చేటును కూడా ఈ లెక్కలో వేయాలి. దేశంలో క్షయ రోగుల నమోదు 2019లో 24 లక్షలు, 2020లో 18 లక్షలు. రోగం తగ్గలేదు, రోగులు ఆసుపత్రికి రాలేకపోయారు. తమిళనాడు బడులు 2020 మార్చి 17న మూతపడ్డాయి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు మళ్లీ బడి మెట్టెక్కింది 2021 నవంబర్ 1న. ఆ కాలంలో ధర్మపురి, సేలం, కృష్ణగిరి వైపు బాల్యవివాహాలు పెరిగాయని వార్తలు వచ్చాయి. అసలే ఆడపిల్ల విషయంలో చెడ్డపేరు మోసిన ప్రాంతం ఇది, వద్దనుకున్న ఆడశిశువును చంపకుండా సర్కారుకు అప్పగించమనే ఊయల బిడ్డ పథకం 1992లో మొదలైంది పక్క సేలంలోనే. బడి మూసిన ఏడాదిన్నరలో పెళ్లయిపోయిన పిల్లకు కలిగిన నష్టాన్ని ఏ జీడీపీ కొలుస్తుంది, ఏ మరణాల పట్టిక చూపిస్తుంది?

ఈ తారీఖుల పక్కన ఇంకో తారీఖు పెట్టాలి. తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాలు 2020 మే 7న తెరుచుకున్నాయి. మర్నాడు మద్రాసు హైకోర్టు మూయమంది, 15న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది, 16న మళ్లీ తెరిచారు. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే మే 4న తెరిచి ధరలు పెంచింది. ఏడాదికి 30 వేల కోట్లకు పైగా వచ్చే మద్యం ఆదాయాన్ని తమిళనాడు రెండు నెలలు వదులుకోలేకపోయింది. బడికి పట్టిన సమయం పందొమ్మిది నెలలు. ఆర్థిక పునరుద్ధరణ అనే మాటను ప్రభుత్వాలు ఏ వరసలో అర్థం చేసుకున్నాయో ఈ రెండు తారీఖుల మధ్య దూరం చెబుతుంది. దీని మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. ముందు తెరవాల్సింది బడి, ఆ తర్వాతే మిగతావి.

ఇక స్వేచ్ఛ, చట్టం. మన చేతిలో ఉన్న అంటువ్యాధుల చట్టం 1897 ఫిబ్రవరి నాటిది. బొంబాయిలో ప్లేగు రాగానే హడావుడిగా చేసింది, నాలుగంటే నాలుగు సెక్షన్లు. ఆ చట్టం అండతో పూణేలో సైనికులు ఇళ్లలోకి దూరి సోదాలు చేసిన తీరుకు జనం రగిలిపోయి, అదే ఏడాది జూన్ 22న ప్లేగు కమిషనర్ రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. మరుసటి ఏడాది బెంగళూరులో ప్లేగు పడింది. మద్రాసు ప్రెసిడెన్సీ, ప్లేగు ఉన్న చోట నుంచి వచ్చే ప్రయాణికుడికి ప్లేగు పాస్‌పోర్టు ఇచ్చి, దిగిన ఊళ్లో పది రోజుల పాటు అధికారి ముందు హాజరు కావాలని నియమం పెట్టింది. ఇంటి నుంచి ఎత్తుకుపోయి శిబిరంలో పడేయడం కంటే అది ఎంతో మర్యాదైన పద్ధతి. ఈ వైపు జనం ప్లేగు మారియమ్మకు గుళ్లు కట్టుకున్నారు, బెంగళూరులో, కోయంబత్తూరులో ఇప్పటికీ ఉన్నాయి. తెల్లదొరల ఆంక్షల్లో కూడా ఊరి మనిషి మోయగలిగినవీ మోయలేనివీ ఉండేవన్నమాట.

2020 నాటి ఇ-పాస్ ఆ ప్లేగు పాస్‌పోర్టుకు మనవరాలే. జిల్లా దాటాలంటే పాస్ కావాలి. పెళ్లి, చావు, వైద్యం ఉంటేనే ఇస్తారు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడికీ, తెలిసినవాళ్లు ఉన్నవాడికీ దొరికేది. ఆగస్టు 17 నుంచి అడిగినవాళ్లందరికీ ఇచ్చేలా మార్చి, సెప్టెంబర్ 1న జిల్లాల మధ్య దాన్ని ఎత్తేశారు. అందరికీ ఇవ్వొచ్చని ఆగస్టులో తేలిన పాస్ అన్ని నెలలు జనాన్ని తిప్పించుకుంది. పోలీసు పెట్టిన కేసుల సంగతి ఇంకా స్పష్టం. మూత నియమాలు తప్పారని పెట్టిన దాదాపు 10 లక్షల కేసులను 2021 ఫిబ్రవరిలో, ఎన్నికల ముంగిట, తమిళనాడు ముఖ్యమంత్రి పళనిస్వామి వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. అంత సులువుగా కొట్టేయగలిగినవి అసలు పెట్టడమెందుకు? 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో, వేళ దాటాక సెల్‌ఫోన్ దుకాణం తెరిచారన్న ఆరోపణతో పట్టుకెళ్లిన తండ్రీ కొడుకులు పోలీసు కస్టడీలో దెబ్బలు తిని చనిపోయారు. జరిమానాతో పోయే తప్పును రెండు ప్రాణాలు తీసేదాకా తెచ్చింది ఆంక్ష మాటున లాఠీకి దొరికిన చొరవ. స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లను గారాబంగా పెరిగిన పట్టణ జనమని కొట్టిపారేసేవాళ్లు ఆ దుకాణాన్ని గుర్తుపెట్టుకోవాలి. చిన్న వ్యాపారికే స్వేచ్ఛ అవసరం ఎక్కువ.

కోర్టులు మొదట నెమ్మదిగా, తర్వాత గట్టిగా స్పందించాయి. వలస కూలీల కష్టాన్ని సుప్రీంకోర్టు తనంతట తాను విచారణకు తీసుకున్నది 2020 మే 26న, అప్పటికి జనం నడక మొదలుపెట్టి రెండు నెలలు. 2021 మేలో ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను ముందస్తు అనుమతి లేదని తెలంగాణ సరిహద్దులో ఆపేసినప్పుడు, ఆ ఉత్తర్వును తెలంగాణ హైకోర్టు మే 14న నిలిపేసింది. రాకపోకల స్వేచ్ఛ, బతికే హక్కు ఇక్కడ ఒకే వైపున నిలిచాయి, ఎదురుగా నిలిచింది తన మంచాలు తనకే అనుకున్న ఒక రాష్ట్రం. టీకా విషయంలో 2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు, ఒంటి మీద హక్కు మనిషిదే, బలవంతంగా టీకా వేయలేరని చెబుతూనే, ప్రజారోగ్యం కోసం తగిన మేరకు షరతులు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని, అయితే అప్పటి పరిస్థితిలో టీకా లేనివాళ్లను బహిరంగ చోట్ల నుంచి తప్పించే షరతులు తగిన మేరలో లేవని చెప్పింది. తగిన మేర అనేదే గీటురాయి. గోప్యత హక్కు మీద 2017లో వచ్చిన పుట్టస్వామి తీర్పు నుంచి మన న్యాయస్థానాల చేతిలో ఉన్నదే. చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, అంతకంటే తక్కువ ఆంక్షతో పని జరిగే వీలు ఉండకూడదు. కృష్ణగిరిలో జబ్బు లేని రోజున పెట్టిన మూతను ఈ గీటురాయి మీద ఎవరూ గీసి చూడలేదు.

ఈ గీటురాయికి నాలుగో గీత ఒకటి కలపాలని నా వాదన. ఆంక్ష వల్ల ఎవరి పంట, ఎవరి కూలీ, ఎవరి దుకాణం పోతుందో వాళ్లకు పరిహారం ఆ ఉత్తర్వులోనే రాసి ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. రోడ్డు కోసం భూమి తీసుకుంటే పరిహారం ఇస్తాం. పక్షి జ్వరం వచ్చినప్పుడు కోళ్లను చంపితే పశుసంవర్థకశాఖ లెక్కకట్టి డబ్బిస్తుంది, అలా ఇస్తేనే రైతు జబ్బు దాచకుండా చెబుతాడని ఆ శాఖకు అనుభవం మీద తెలుసు. 2020 మే 6న కర్ణాటక, పూల రైతుకు హెక్టారుకు 25 వేలు, మంగలి, చాకలి వృత్తులవాళ్లకు, ఆటో, టాక్సీ డ్రైవర్లకు 5 వేల చొప్పున ప్రకటించింది. మొత్తం చాలకపోయి ఉండొచ్చు, పద్ధతి మాత్రం సరైనది. మూతతో పోయిన వృత్తిని పేరుపెట్టి గుర్తించింది. పాలకోడు మండీలో ఏ రోజు ఎన్ని బాక్సులు వస్తాయో, ఎవరి పొలం నుంచి వస్తాయో కమిషన్ వ్యాపారుల చిట్టాల్లో ఉంటుంది, ఎవరు ఎన్ని ఎకరాల్లో ఏం నాటారో గ్రామ పరిపాలనాధికారి అడంగల్‌లో ఉంటుంది. పరిహారం లెక్కకట్టడానికి కావలసిన కాగితం అంతా ఈ తాలూకాలోనే ఉంది.

కాలపరిమితి, ముందస్తు నోటీసు కూడా అలాగే రాసి ఉండాలి. జిల్లాలో ఎన్ని కేసులుంటే ఏది మూస్తారు, ఎన్నికి తగ్గితే ఏది తెరుస్తారు అన్నది జనానికి ముందే తెలిస్తే నాటే రైతు నారు తగ్గించుకుంటాడు, బెంగళూరులో ఉన్న కొడుకు ముందే బస్సెక్కుతాడు. ఆరోగ్యశాఖవాళ్లు దీనికి అభ్యంతరం చెబుతారు, అంటురోగం గడువులు చూసుకుని రాదు, ముందు చెబితే గుంపులు కడతారు అని. ఆ అభ్యంతరంలో బలం ఉంది, 2021 మే 22, 23 తేదీల్లో చెన్నై మార్కెట్లలో గుంపులు కట్టారు కూడా. కానీ నోటీసుతో కట్టిన గుంపు కంటే నోటీసు లేని 2020 మార్చి తర్వాత దారుల మీద కట్టిన గుంపు ఎన్నో రెట్లు పెద్దది, ఎక్కువ రోజులు నడిచింది.

న్యాయ కమిషన్ 2024 ఫిబ్రవరిలో తన 286వ నివేదికలో 1897 చట్టం నేటి అవసరానికి చాలదని తేల్చి, మార్చమంది. ఆ చట్టానికి 2020లో చేసిన ఒకే ముఖ్యమైన సవరణ వైద్య సిబ్బందిపై దాడి చేస్తే ఏడేళ్ల దాకా జైలు. అవసరమైనదే, కానీ అది కూడా శిక్షే. ఇంత జరిగాకా ఆ చట్టంలో కూలీ అనే మాట లేదు, ఆంక్షతో నష్టపోయినవాళ్లకు పరిహారం అనే మాట లేదు. ఢిల్లీ కోసం కాచుకోనక్కర్లేదు. ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం దేశంలో అలాంటి చట్టాల్లో మొదటిది, నేటికీ తమిళనాడులో అమల్లో ఉంది, కోస్తా, రాయలసీమలకూ అదే వారసత్వంగా వచ్చింది. దానికి ఒక అధ్యాయం చేరిస్తే చాలు. జ్వరమొచ్చిన కూలీకి జీతంతో సెలవు, మూసిన మండీకి వేరే చోటు, పొలంలో మిగిలిన పంటకు ఎకరాకు ఇంత అని, బడులు అన్నిటికంటే చివర మూసి అన్నిటికంటే ముందు తెరవాలని. చెన్నై, అమరావతి శాసనసభలు ఒక్క సమావేశంలో చేయగలిగిన పని ఇది. ఈ నిబంధనలు రాయాల్సింది ఏ జబ్బూ లేని రోజుల్లో, మండీ నిండా బాక్సులున్న ఇలాంటి రోజుల్లో.